పేరడగని పెట్టె

1822లో లండన్‌లో ఒక పుస్తకాల కొట్టు ఉండేది. కొట్టన్నాక గల్లా దగ్గర మనిషి ఉండాలి కదా, అక్కడ ఉండేవాడు కాదు. మనిషి ఉండాల్సిన చోట ఒక అడ్డం, దానికి గడియారం ముఖం లాంటి పలక, పలక మీద గంటల బదులు పుస్తకాలు. కావలసిన పుస్తకం దగ్గరికి ముల్లు తిప్పి డబ్బులు వేస్తే, అడ్డం వెనక నుంచి ఆ పుస్తకం జారి కిందపడేది. అమ్మినవాడి మొహం కొన్నవాడికి కనపడేది కాదు.

ఆ కొట్టు రిచర్డ్ కార్లైల్‌ది. ఆ రోజుల్లో ఆయన కొట్టులో లేడు, డార్చెస్టర్ జైల్లో ఉన్నాడు. థామస్ పెయిన్ రాసిన ‘ది ఏజ్ ఆఫ్ రీజన్’ని అచ్చేసి అమ్మినందుకు దైవదూషణ నేరం కింద 1819లో లోపల వేస్తే 1825 దాకా బయటికి రాలేదు. లోపలి నుంచే పత్రిక నడిపాడు. బయట కొట్టుని భార్య జేన్ నడిపితే ఆవిణ్ణీ జైల్లో వేశారు. ఆయన సోదరి మేరీ ఆన్ నడిపితే ఆవిణ్ణీ వేశారు. ఆ తరవాత తమంతట తామే వచ్చి గల్లా దగ్గర నిలబడ్డ కార్యకర్తల వంతు. పట్టుకునే పద్ధతి చాలా సులువు. నీతి సంఘాల తరఫున ఒక వేగులవాడు మామూలు బేరగాడిలా వచ్చి పుస్తకం కొంటాడు. కోర్టుకెళ్ళి "ఇదిగో, నాకమ్మింది ఈ మనిషే" అని వేలు చూపిస్తాడు. కేసు మొత్తం ఆ వేలు మీద నిలబడుతుంది. కార్లైల్ చేసిందల్లా ఆ వేలుకి మొహం దొరక్కుండా చెయ్యడం.

యంత్రం వాళ్ళని గట్టెక్కించిందా అంటే, లేదు. 1824లో కూడా ఆయన కొట్టు మనుషులకి శిక్షలు పడుతూనే ఉన్నాయి. చరిత్ర రాసేవాళ్ళు దీన్నొక తమాషాగా రెండు వాక్యాల్లో చెప్పేసి, నాణెం వేస్తే గుళ్ళో తీర్థం పోసే యంత్రాన్ని ఒకటో శతాబ్దంలోనే వర్ణించిన అలెగ్జాండ్రియా హీరో దగ్గరికో, తరవాత వచ్చిన చాక్లెట్ మిషన్ల దగ్గరికో వెళ్ళిపోతారు. నాకు మాత్రం ఈ కొట్టు దగ్గరే ఆగాలనిపిస్తుంది. హోటళ్ళలో మనం వేలితో నొక్కి ఆర్డరు పెట్టే తెరలున్నాయే, కియోస్కులు, వాటిని తయారుచేసే పనిలో కొన్నేళ్ళుగా ఉన్నాను. మా మీటింగుల్లో ప్రైవసీ అనే మాట వచ్చినప్పుడల్లా అదేదో పనంతా అయిపోయాక లాయర్లు వచ్చి అతికించే కాగితంలా మాట్లాడతారు. కార్లైల్ యంత్రంలో అది అతికించింది కాదు. మిగతాదంతా దాని కోసమే కట్టాడు.

ఆయన దాచింది అమ్మేవాణ్ణి. కొనేవాడి వైపు కథ ఎనభయ్యేళ్ళ తరవాత భోజనశాలలో మొదలైంది. మనిషి వడ్డించని హోటలు 1895లోనే బెర్లిన్‌లో వచ్చింది. ఆ యంత్రాలు తెప్పించి జోసెఫ్ హార్న్, ఫ్రాంక్ హార్డార్ట్ అనే ఇద్దరు 1902 జూన్ 9న ఫిలడెల్ఫియాలో, చెస్ట్‌నట్ వీధిలో, ‘ఆటోమాట్’ తెరిచారు. పదేళ్ళకి న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌కి వచ్చారు. గోడ నిండా చిన్న చిన్న గాజు తలుపులు, ఒక్కోదాని వెనక ఒక పళ్ళెం: బీన్స్, గుమ్మడి పై, శాండ్‌విచ్. ఐదు సెంట్ల బిళ్ళ, వాళ్ళ భాషలో నికెల్, కంతలో వేసి పిడి తిప్పితే తలుపు తెరుచుకుంటుంది. కాఫీ అయితే డాల్ఫిన్ తల ఆకారంలో ఉన్న గొట్టం నోట్లోంచి సరిగ్గా ఒక కప్పుకి పడి ఆగిపోతుంది. 1950 దాకా కాఫీ ఐదు సెంట్లే. మొత్తం హోటల్లో కొనేవాడు తప్పనిసరిగా ఎదుర్కోవలసిన మనుషులు చిల్లర మార్చే ఆడవాళ్ళు మాత్రమే. అద్దాల గదిలో కూచుని, లెక్కపెట్టకుండా చేతివాటం మీదే ఇరవై నికెళ్ళు విసిరేవాళ్ళని వాళ్ళకి పేరు.

అక్కడ ఎవరు తిన్నారన్నది అసలు సంగతి. ఒంటరి ఆడమనిషి హోటల్లో కూచుంటే వింతగా చూసే కాలంలో వాళ్ళు అక్కడ కూచోగలిగారు. ఇంగ్లీషు రాని వలస కూలీ మెనూ చదవక్కర్లేకుండా, వెయిటరు ముందు నోరు తిరక్క సిగ్గుపడక్కర్లేకుండా, కంటికి నచ్చింది చూసి కొనుక్కున్నాడు. 1930ల కరువులో ఉచితంగా ఉండే వేణ్ణీళ్ళలో టొమాటో కెచప్ కలుపుకుని సూప్ అనుకుని తాగినవాళ్ళ కథలు ఆ హోటల్ని గురించి ఎవరు రాసినా చెబుతారు. ఒక కప్పు కాఫీతో గంటలు గంటలు కూచోవచ్చు. 2021లో వచ్చిన ‘ది ఆటోమాట్’ అనే డాక్యుమెంటరీలో కాలిన్ పావెల్, రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ఇద్దరూ కనిపిస్తారు. ఒకరు జమైకా నుంచి వచ్చిన నల్లవాళ్ళ ఇంటి బిడ్డ, ఇంకొకరు బ్రూక్లిన్ యూదుల అమ్మాయి.

ఎడ్వర్డ్ హాపర్ 1927లో వేసిన బొమ్మ పేరు కూడా ‘ఆటోమాట్’. రాత్రి వేళ, గుండ్రటి బల్ల, ఒంటరిగా ఒకామె, ముందు కప్పు. ఒక చేతికే గ్లవ్ ఉంది, రెండోది తీసేసింది. వెనక కిటికీ అద్దంలో లోపలి దీపాల వరసలే తప్ప వీధి అన్నది లేదు. ఆధునిక నగరంలో మనిషి ఒంటరితనం అని విమర్శకులు దీన్ని గురించి చాలా రాశారు. వాళ్ళని కాదనను గానీ, ఆమెని ఎవరూ ఏమీ అడగటం లేదు అన్నది కూడా ఆ బొమ్మలో ఉందనిపిస్తుంది నాకు. ఎవరికోసం ఎదురుచూస్తున్నావు, ఇంకేమన్నా తెమ్మంటావా, ఎప్పుడు లేస్తావు, ఏమీ లేవు.

ఆ గోడకి రెండో వైపుంది. గాజు అరల వెనక తిరిగే పీపాల్లాంటి అల్మరాలు, వాటిని నింపుతూ మనుషులు. వాళ్ళకి బయట తినేవాడు కనపడడు, తినేవాడికి వాళ్ళు అసలు లేనట్టే. కార్లైల్ అడ్డం అమ్మేవాణ్ణి కాపాడటానికైతే, ఇక్కడి గోడ అమ్మేవాణ్ణి మాయం చేసింది. వంటమనిషి కనపడకపోతే తినేవాడికి మర్యాద దక్కుతుందన్న లెక్క నాకంత సుఖంగా తోచదు. అది వేరే వ్యాసం.

మన దగ్గర ఆటోమాట్లు రాలేదు. మన అనుభవంలో ఉన్న నాణెం యంత్రం రైల్వే ప్లాట్‌ఫారం మీద బరువు చూసే మిషను. రంగు రంగుల బల్బులు, గిరగిర తిరిగే చక్రం, బిళ్ళ వేస్తే టక్కున చిన్న అట్టముక్క. ఒకవైపు బరువు, ఇంకోవైపు జాతకమో సినిమా తార బొమ్మో. "మీరు దయగలవారు, త్వరలో ధనలాభం" లాంటి వరస. ఎవరెక్కినా అదే జాతకం ఇచ్చేది. నవ్వుకోవడానికి బావుంటుంది గానీ, అదే ప్లాట్‌ఫారం మీద ఒకప్పుడు హిందువులకో కుండ, ముస్లింలకో కుండ వేరుగా ఉండేవి. ఊళ్ళో ‘బ్రాహ్మణ కాఫీ హోటలు’ అని బోర్డు రాసుకోవడం తప్పనిపించని కాలం చాలా ఏళ్ళు నడిచింది. మద్రాసులో అలాంటి ఒక హోటలు బోర్డులో ‘బ్రాహ్మణ’ అన్న మాట తీసెయ్యాలని పెరియార్ ఉద్యమం చేసింది స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్ళకి, 1957లో. టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి తెలుగు పాఠకులకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మన గల్లా దగ్గర "ఏం కావాలి" కంటే ముందు, పైకి అడక్కపోయినా, "నువ్వెవరు" అన్న ప్రశ్న ఉండేది. నాణెం కంతకి ఆ ప్రశ్న వెయ్యడం చేతకాదు. ఎవరి చేతిలోంచి పడ్డా బిళ్ళ బరువు ఒకటే. ఆ చేతకానితనం ఎంత విలువైనదో ఫిలడెల్ఫియా వాళ్ళకంటే మనకే ఎక్కువ తెలియాలి.

ఇప్పటికీ హైదరాబాదులో ఇల్లు అద్దెకి అడిగితే కొందరు ఓనర్లు కులం అడగరు, "నాన్‌వెజ్ తింటారాండీ?" అంటారు. ఆ ప్రశ్నకి ఎంత పనుందో అందరికీ తెలుసు. అట్లాంటి ఊళ్ళో ఒక మనిషి ఏడాదిపాటు ఏమేం ఆర్డరిచ్చాడన్న జాబితా ఎవరి దగ్గరో ఉందనుకోండి. రంజాన్ నెలలో మధ్యాహ్నం ఏం తిన్నాడు, ఏ వారం మాంసం ముట్టడు, షుగర్‌లెస్ ఎప్పటినుంచి అడుగుతున్నాడు, ఇంట్లో తెలియకుండా ఆమ్లెట్ తినే పిల్ల ఎవరు. దాన్ని తిండి లెక్క అనడం నా వల్ల కాదు. ఇంటి ఓనరు అడిగిన ప్రశ్నకి అది జవాబు.

జాబితాలు ఎంత మాట్లాడతాయో అమెరికా వాళ్ళకి 1987లో ఒకసారి తెలిసొచ్చింది. రీగన్ సుప్రీంకోర్టుకి ప్రతిపాదించిన రాబర్ట్ బోర్క్ అనే జడ్జి ఇంటి దగ్గర వీడియో షాపులో అద్దెకి తెచ్చుకున్న 146 సినిమాల పట్టీ ఒక వాషింగ్టన్ పత్రికలో అచ్చయింది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మంచి సినిమాలే. అయినా సభ్యులందరూ ఉలిక్కిపడ్డారు; ఎవరి పట్టీ వాళ్ళకి గుర్తొచ్చి ఉంటుంది. మర్నాడు మనది వస్తే? 1988లో వీడియో అద్దె వివరాలు బయటపెట్టకూడదని ఏకంగా చట్టమే చేశారు. ఆ కాలానికి సినిమాల పట్టీ ఉందంటే అర్థం, అద్దెకిచ్చేటప్పుడు పేరు రాసుకున్నారు కాబట్టి. నాణెం పోయి పేరు వచ్చింది.

ఇది తప్పనిసరా? డబ్బు కాగితమో లోహమో కాకుండా అంకె అయిపోయాక పేరు దానంతటదే అంటుకుంటుందని చాలామంది అనుకుంటారు. డేవిడ్ చామ్ అనే గణితవేత్త 1982లోనే కాదని చూపించాడు. ఆయన చెప్పింది కవరు ఉదాహరణతో అర్థమవుతుంది. ఒక చీటీ మీద నాకు తోచిన అంకె రాసి, పైన కార్బన్ పేపరు పెట్టి, కవర్లో పెట్టి అంటించి బ్యాంకుకి ఇస్తాను. బ్యాంకు నా ఖాతాలోంచి రూపాయి తగ్గించి కవరు మీద సంతకం పెడుతుంది. ఆ సంతకం కార్బన్ గుండా లోపలి చీటీ మీద పడుతుంది. ఇంటికొచ్చి కవరు చించి చీటీ తీస్తాను. ఇప్పుడది బ్యాంకు సంతకం ఉన్న రూపాయి, కానీ అందులో ఉన్న అంకె బ్యాంకు చూడలేదు. కొట్టువాడు ఆ చీటీ తీసుకెళ్ళి చూపిస్తే బ్యాంకు తన సంతకం గుర్తుపట్టి డబ్బిస్తుంది, అది నాకిచ్చిందే అని మాత్రం చెప్పలేదు. దీన్ని కవరుతో కాకుండా లెక్కలతో చేశాడాయన. డిజిక్యాష్ అని కంపెనీ కూడా పెట్టాడు, 1998లో దివాలా తీసింది. జనం కార్డులకే అలవాటుపడ్డారు. దారి లేక కాదు, ఉన్న దారిలో నడవలేదు.

నడిచిన దారిలో మజిలీలు కొన్ని చెబుతాను. పే బై టచ్ అనే కంపెనీ కిరాణా సూపర్‌మార్కెట్లలో వేలిముద్రతో డబ్బు కట్టే యంత్రాలు పెట్టింది, షికాగో చుట్టుపక్కల కూడా. కొంత కాలానికి దివాలా తీసింది. అప్పుడొచ్చింది ప్రశ్న: మిగిలిన బల్లలూ కుర్చీలూ అప్పులవాళ్ళు పట్టుకుపోతారు, జనం వేలిముద్రలు ఎవరు పట్టుకుపోతారు? కార్డు పోతే కొత్త కార్డు ఇస్తారు, వేలు పోతే ఇంకో వేలు ఇవ్వరు. ఇలినాయ్ రాష్ట్రం 2008లో చేసిన బయోమెట్రిక్ చట్టం వెనక ఉన్నది ఈ భయమే. కిరాణా కొట్లు, పెట్రోలు బంకులు, బడి క్యాంటీన్లలో ఈ ప్రయోగాలు జరుగుతున్నాయని ఆ చట్టంలోనే రాశారు. రాతపూర్వకంగా ఒప్పుకోకుండా మొహం, వేలు కొలవడానికి వీల్లేదు. అజాగ్రత్త వల్ల జరిగితే వెయ్యి డాలర్లు, కావాలని చేస్తే ఐదు వేలు. పదేళ్ళు తిరక్కముందే షికాగోకి చెందిన వావ్ బావ్ అనే హోటళ్ళ మీద ఆ చట్టం కింద దావా పడింది. ఆర్డరిచ్చే కియోస్కు మొహం చూసి గుర్తుపడుతుందని. అదే 2017లో, సెప్టెంబర్‌లో, చైనాలోని హాంగ్‌జౌలో కేఎఫ్‌సీ వాళ్ళ హోటల్లో నవ్వి డబ్బు కట్టే పద్ధతి మొదలుపెట్టారు. తెర ముందు నిలబడి మొహం చూపించాలి, సరిచూసుకోవడానికి ఫోన్ నంబరు కొట్టాలి. నవ్వుతో కడతావన్నా చివరికి నంబరు అడక్కుండా వదల్లేదు.

ఇవన్నీ కనీసం కనపడేవి. కనపడనివి ఎలా బయటపడ్డాయో చూడండి. కెనడాలో పెద్ద మాల్స్ నడిపే క్యాడిలాక్ ఫెయిర్‌వ్యూ సంస్థ, ఏ కొట్టు ఎక్కడుందో చూపించే దారి పలకల్లో కెమెరాలు అమర్చింది. 2018లో కాల్గరీలో ఒక పలక పాడైపోయి, మ్యాపుకి బదులు లోపలి ప్రోగ్రాం వరసలు తెర మీదకొచ్చాయి. అందులో మొహానికి సంబంధించిన పేర్లు చూసి ఒక మనిషి ఫోటో తీశాడు. విచారణ జరిగి 2020 అక్టోబర్‌లో ప్రైవసీ కమిషనర్లు తేల్చింది: 12 మాల్స్, యాభై లక్షల మొహాలు. గుమ్మం దగ్గర స్టిక్కర్ అంటించాం కదా అంది సంస్థ. బొమ్మలు వెంటనే చెరిపేశాం అంది. బొమ్మలు చెరిపినా, వాటినుంచి కట్టిన అంకెల వరసలు వేరే కంపెనీ సర్వర్లో ఉండిపోయాయి. నాలుగేళ్ళ తరవాత 2024 ఫిబ్రవరిలో వాటర్లూ విశ్వవిద్యాలయంలో చాక్లెట్లమ్మే మిషను ఆగిపోయి, ‘ఫేషియల్ రికగ్నిషన్ యాప్’ పనిచెయ్యటం లేదని తెర మీద చెప్పింది. పిల్లలు నివ్వెరపోయారు. చాక్లెట్ కోసం నా మొహం ఎందుకు? ఎవరినీ గుర్తుపట్టం, ఎదుట మనిషి ఉన్నాడో లేడో చూస్తామంతే, బొమ్మలు దాచం అంది కంపెనీ. ఆ మిషన్లు తీసేసేదాకా పిల్లలు కెమెరా కంతకి అంటుకునే కాగితాలూ బబుల్‌గమ్మూ అంటించారు. రెండు చోట్లా యంత్రం బాగా పనిచేసినంతకాలం నోరు మెదపలేదు. పాడైపోయినప్పుడే నిజం చెప్పింది.

మన దగ్గర అంత దూరం పోనక్కర్లేదు, ఫోన్ నంబరు చాలు. బిల్లుకి ముందు "నంబరు చెప్పండి సార్" అనడం ఎంత అలవాటైపోయిందంటే, వెనక వరసలో పది మంది వింటుండగా పది అంకెలూ గట్టిగా చదివేస్తాం. 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, నంబరు ఇస్తేనే సరుకిస్తాననడం కుదరదని చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో డేటా రక్షణ చట్టం వచ్చింది. అంతకుముందే, 2017లో, తొమ్మిది మంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కే అన్నారు. చట్టం అక్కడుంది. తెర మీద నంబరు గడి ఇక్కడుంది. మధ్యలో ఉన్నది డిజైన్ చేసేవాడు, అంటే నాలాంటివాడు.

మా పనిలో ఇవి ఎంత చిన్న విషయాలుగా వస్తాయో చెబితే నవ్వొస్తుంది. ఆర్డరు సగంలో వదిలేసి మనిషి వెళ్ళిపోతే తెర ఎన్ని సెకన్లకి మొదటికి రావాలి? ఎక్కువసేపు ఉంచితే తరవాతివాడు ముందువాడి పళ్ళెం చూస్తాడు. తక్కువైతే ముసలివాళ్ళు అద్దాలు వెతుక్కునేలోపు మొత్తం పోతుంది. తయారయ్యాక పేరు పిలవాలా, అంకె చూపించాలా? అంకె చాలు, ఏ రోజుకారోజు ఒకటి నుంచి మొదలుపెడితే దానికి గతం కూడా ఉండదు. పాత టిఫిన్ హోటల్లో ఇత్తడి టోకెన్ ఈ పని హాయిగా చేసేది. "క్రితంసారి మీరు మటన్ బిర్యానీ తీసుకున్నారు, మళ్ళీ కావాలా?" అని మనిషెత్తు తెర మీద, వెనక అత్తగారు నిలబడి ఉండగా, వెలగడం సౌకర్యమా? ఇది నేనడిగితే గదిలో అందరూ నవ్వారు. తరవాత ఎవరూ మాట్లాడలేదు. ఆ వాక్యం తీసేశాం.

చూపు లేనివాళ్ళ సంగతి ఇంకా కష్టం. ఆటోమాట్ పిడి చేతికి తగులుతుంది, నాణెం కంత తడిమితే దొరుకుతుంది. నున్నటి గాజు తెర మీద తడమడానికి ఏముంది? తోటివాణ్ణి పిలిచి తనకేం కావాలో పైకి చెప్పుకోవాలి, ఒక్కోసారి కార్డు పిన్ను కూడా. ఇయర్‌ఫోన్ పెట్టుకునే కంత, తడిమితే తెలిసే నాలుగు మీటలు ఉంటే చాలావరకు తీరే బాధ ఇది. ఖర్చు పట్టీలో మొదట కొట్టివేతకి గురయ్యేది మాత్రం ఆ నాలుగు మీటలే.

ఈ మధ్య పనిచేసిన ఒక తెరలో నంబరు అడిగే పేజీ ఉంది. ఆకుపచ్చలో పెద్దగా ‘కొనసాగించండి’, అడుగున బూడిదరంగులో చీమంత ‘వద్దు’. రెండూ ఒకే సైజు ఉండాలని నేనన్నాను. హోటలు తరఫు కుర్రాడు ఒప్పుకోలేదు, నంబర్లు తగ్గిపోతాయన్నాడు. వచ్చిన నంబర్లతో ఏం చేస్తారని అడిగాను. ప్రస్తుతానికి ఏమీ లేదు సార్, ఉంటే మంచిదేగా అన్నాడు. ఉంటే ఎవరికి మంచిది అనబోయి, ఆ పేజీ అసలు తీసేస్తే ఆర్డరుకి ఎంత సమయం కలిసొస్తుందో కొలిచి చూద్దామన్నాను. దానికి ఒప్పుకున్నాడు. వచ్చే నెల రెండు బ్రాంచీల్లో పెడుతున్నారు, ఒకదాంట్లో పేజీతో, ఇంకోదాంట్లో లేకుండా.